తుపాకుల గేమ్స్ నుంచి పిల్లల్ని ఆపాల్సింది ప్రభుత్వమా, అమ్మానాన్నలా?

ఇద్దరు పిల్లల అమ్మ (గుంటూరు) – శనివారం, ఉదయం 10:12

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక వినతిపత్రం తిరుగుతోంది. తుపాకులతో కాల్చుకునే గేమ్స్ ఏవీ 18 ఏళ్లలోపు పిల్లలకు అందకుండా ప్రభుత్వం నిషేధించాలట. కలెక్టర్ గారికి ఇద్దాం, అందరూ సంతకాలు పెట్టండి అంటున్నారు. చాలా ఫ్లాట్ల వాళ్లు పెట్టేశారు కూడా. నేనింకా పెట్టలేదు.

మా పెద్దాడికి పన్నెండేళ్లు. వాడు ఆడేవి అలాంటి గేమ్సే: బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్. మావారేమో "ఇంట్లో ఫోన్ లాక్కోలేని వాళ్లం కలెక్టర్ దగ్గరికి పోవడమేంటి" అంటారు. మా అత్తయ్య "మీరిద్దరూ ఆఫీసుకు పోతే లాక్కునేదెవరు, నేనా?" అంటారు. ఇద్దరిలో ఎవరి మాటా తీసిపారేయలేను. ఇక్కడ లాయర్లు, టీచర్లు, గేమ్స్ ఆడే కుర్రాళ్లు అందరూ ఉన్నారు కదా అని అడుగుతున్నా. నిషేధిస్తే నిజంగా ఆగుతుందా? దయచేసి "మా రోజుల్లో గోళీలాడుకునేవాళ్లం" అని మాత్రం రాయకండి.

హెడ్‌షాట్ నాని (విజయవాడ) – శనివారం, ఉదయం 10:31

అక్కా, నిషేధం సినిమా మనం ఇప్పటికే చూసేశాం. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌తో కలిపి 118 యాప్స్ బ్యాన్ చేశారు. మా బ్యాచ్‌లో కొందరు వీపీఎన్ (వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) వేసి వేరే దేశం వెర్షన్ దించుకున్నారు, కొందరు ఫ్రీ ఫైర్‌కి పోయారు, మిగతావాళ్లు కాల్ ఆఫ్ డ్యూటీకి. ఆట మానేసినవాడు ఒక్కడు కూడా నాకు గుర్తులేడు. 2021 జూలైలో ఆట కంపెనీ క్రాఫ్టన్ వాళ్లు అదే ఆటను బీజీఎంఐ అని పేరు మార్చి దింపారు. 2022 జూలైలో మళ్లీ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఫ్రీ ఫైర్‌ది ఇంకా విడ్డూరం. 2022 ఫిబ్రవరిలో దాన్ని తీసేశారు గానీ ఫ్రీ ఫైర్ మ్యాక్స్ స్టోర్‌లోనే ఉండిపోయింది. అదే ఆట, కాకపోతే గ్రాఫిక్స్ కాస్త బాగుంటాయి. మీవాడు ఆడేది అదే.

ఇంకోటి. బీజీఎంఐ మన దేశానికి వచ్చినప్పుడు హింస తగ్గించామని చూపించడానికి రక్తం రంగు ఆకుపచ్చ చేశారు. ఎవడినైనా కాలిస్తే పచ్చగా చిమ్ముతుంది. స్కోర్‌లో "కిల్స్" తీసేసి "ఫినిషెస్" అని పెట్టారు. మా హాస్టల్లో దీని మీద వచ్చిన జోకులు ఇక్కడ రాస్తే మోడరేటర్ గారు ఊరుకోరు.

నల్లకోటు (హైదరాబాద్) – శనివారం, ఉదయం 11:05

నాని చెప్పిన తేదీలకు చట్టం వైపు నుంచి ఒక మాట కలుపుతాను. ఆ నిషేధాలు ఏవీ పిల్లల కోసం చేసినవి కావు. ఐటీ చట్టంలోని 69ఎ సెక్షన్ కింద చేశారు. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతల్లాంటి కారణాలకే అది వర్తిస్తుంది. అప్పటి గొడవ చైనా సర్వర్లకు డేటా పోతోందని. పన్నెండేళ్లవాడు తుపాకీ ఆట ఆడుతున్నాడన్నది ఆ సెక్షన్‌లో ఎక్కడా ఇమడదు.

హింస, వ్యసనం పేరుతో నిషేధించిన ఊళ్లు లేకపోలేదు. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు 144 సెక్షన్ లాంటి అధికారాలతో పబ్జీని ఆపేశారు. ఆడుతూ దొరికిన కాలేజీ కుర్రాళ్లను అరెస్ట్ చేసి బెయిలు మీద వదిలారు. చేతిలో ఫోన్ ఉన్నందుకు కేసు! మేడమ్, మీ వినతిపత్రంలో "నిషేధం" అని రాస్తే కింది స్థాయిలో అది ఎలా అమలవుతుందో తెలియాలని ఇది చెప్పాను.

రిటైర్డ్ మాస్టారు (సిరిసిల్ల) – శనివారం, మధ్యాహ్నం 12:20

అందరూ నిషేధం మీద నవ్వుతున్నారు గనుక నేను వేరే వైపు నిలబడతాను.

"పిల్లల్ని కట్టడి చేసుకోవాల్సింది తల్లిదండ్రులే" అనే మాట ఫ్లాట్లలో ఉండేవాళ్లకు బాగుంటుంది. మా ఊళ్లో తండ్రి సాంచాల (మరమగ్గాల) మీద రాత్రి డ్యూటీకి పోతాడు. తల్లి పొద్దంతా బీడీలు చుడుతుంది. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్, అది కొన్నది కరోనాలో ఆన్‌లైన్ క్లాసుల కోసం. క్లాసులు పోయాయి, ఫోన్ మిగిలింది. పిల్లవాడు అందులో ఏం ఆడుతున్నాడో ఆ తల్లికి చదివి తెలుసుకునే వీల్లేదు. పేరెంటల్ కంట్రోల్ పెట్టుకోమ్మా అంటే ఎక్కడ పెట్టుకుంటుంది? ఆ ఫోన్లో సెట్టింగ్స్ తెలిసింది ఆ పిల్లవాడికే.

బడికి 100 గజాల లోపల సిగరెట్లు అమ్మకూడదని చట్టం ఉంది. 18 ఏళ్లు నిండనివాడికి అసలే అమ్మకూడదు. అక్కడ "తల్లిదండ్రులు చూసుకోవాలి" అని ప్రభుత్వం చేతులు దులుపుకోలేదు కదా. తల్లిదండ్రులకు చేతకాని చోట చట్టం నిలబడాలి. చట్టం ఉన్నదే అందుకు.

డాలస్ నాన్న – శనివారం, రాత్రి 8:47

మాస్టారూ, నమస్కారం. మీ వాదనతోనే ఇక్కడ కాలిఫోర్నియా 2005లో చట్టం చేసింది. హింసాత్మక గేమ్స్ 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మినా, అద్దెకిచ్చినా వెయ్యి డాలర్ల దాకా జరిమానా. సంతకం పెట్టిన గవర్నర్ ఎవరో తెలుసుగా, సినిమాల్లో మెషిన్ గన్ పట్టుకుని పేరు తెచ్చుకున్న ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్. ఆ చట్టం ఒక్కరోజు కూడా అమలు కాలేదు. 2011 జూన్‌లో ఇక్కడి సుప్రీంకోర్టు 7–2 తేడాతో కొట్టేసింది.

తీర్పు రాసింది స్కాలియా, పక్కా సంప్రదాయవాది. పిల్లలకు మనం చెప్పే కథల్లో రక్తం తక్కువా అని అడిగాడాయన. సిండ్రెల్లా అక్కల కళ్లు పావురాలు పొడిచేస్తాయి, హాన్సెల్, గ్రెటెల్ మంత్రగత్తెను పొయ్యిలో కాల్చేస్తారు అని ఉదాహరణలిచ్చాడు. ఒప్పుకోని ఇద్దరిలో బ్రేయర్ అడిగింది నాకు ఇప్పటికీ సబబే అనిపిస్తుంది. పదమూడేళ్లవాడికి నగ్నచిత్రాల పత్రిక అమ్మడం నేరమైనప్పుడు, ఆడమనిషిని కట్టేసి చంపే ఆట అమ్మితే తప్పు లేకపోవడమేంటి అని.

అసలు విశేషం ఏమిటంటే, చట్టం లేకుండానే ఇక్కడ షాపులు దారికొచ్చాయి. 1992లో మోర్టల్ కాంబాట్ వచ్చాక సెనేట్‌లో పెద్ద గొడవ జరిగింది. ప్రభుత్వం దిగకముందే కంపెనీలే 1994లో రేటింగ్ బోర్డు పెట్టుకున్నాయి. ఎం రేటింగ్ అంటే 17 నిండినవాళ్లకు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్లు పిల్లల్నే కొనడానికి పంపి పరీక్షించేవారు. 2000లో వెళ్లిన పిల్లల్లో 85 శాతం మందికి ఎం గేమ్ అమ్మేశారు. 2013లో ప్రకటించిన లెక్కలో 13 శాతానికి పడిపోయింది. ఎవరూ జైలుకు పోలేదు. కంపెనీలు భయపడ్డాయి, అంతే.

రిటైర్డ్ మాస్టారు (సిరిసిల్ల) – శనివారం, రాత్రి 9:15

బాబూ, కథలకేం, మనకూ ఉన్నాయి. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చి రక్తం తాగే ఘట్టం చిన్నపిల్లలు ముందు వరసలో కూర్చుని చూసేవారు. కానీ ఆ ఘట్టానికి ముందు సభాపర్వం ఉంది, వెనక స్త్రీపర్వం ఉంది. గాంధారి ఏడుపు కూడా ఆ పిల్లలు వినేవారు. ఈ ఆటలో చచ్చినవాడు ఒక పెట్టెగా మారిపోతాడు, ఆ పెట్టెలోంచి తుపాకీ గుళ్లు, బ్యాండేజీలు ఏరుకుంటారు. మా మనవడు ఆడుతుంటే చూశాను. ఇది కథ అంటే నేను ఒప్పుకోను.

ఇక షాపుల సంగతి. ఇక్కడ షాపే లేదు. ఆట ఉచితం, మీట నొక్కితే దిగిపోతుంది. అమ్మేవాడు కనబడకపోతే ఎవరిని పరీక్షిస్తారు మీ కమిషన్ వాళ్లు?

సెల్ షాపు అన్న (తెనాలి దగ్గర) – శనివారం, రాత్రి 10:02

మాస్టారూ, అమ్మేవాడు ఇక్కడున్నాడు. నేనే.

ఇరవై వేల లోపు ఫోన్ కొనడానికి తండ్రి, కొడుకు కలిసి వస్తారు. బిల్లు తండ్రిది, ఎంపిక కొడుకుది. "అన్నా, గైరోస్కోప్ ఉందా, 90 ఎఫ్‌పీఎస్ వస్తదా" అని వాడు అడుగుతుంటే తండ్రి నా మొహం చూస్తాడు. ఫోన్ ఆన్ చేయగానే జీమెయిల్ అడుగుతుంది. అక్కడ పుట్టిన తేదీ పెట్టాలి. పిల్లాడి అసలు తేదీ పెడితే పేరెంట్ అకౌంట్ కలపమంటుంది, తండ్రికి జీమెయిల్ ఉండదు, ఉన్నా పాస్‌వర్డ్ గుర్తుండదు. వెనక నలుగురు లైన్లో ఉంటారు. 1-1-1990 కొట్టి ఇచ్చేస్తాం. నేనొక్కడినే కాదు, ఏ షాపులో అడిగినా ఇదే. మా దగ్గర కొన్న ఫోన్లు చూస్తే గూగుల్ లెక్కలో మా మండలంలో పిల్లలే లేరు.

ఇప్పుడు మీరు ఎన్ని చట్టాలు చేసినా ఆ ఒక్క గడి దగ్గర అన్నీ పడిపోతాయి. బీజీఎంఐ 18 లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలే అంది, ఖర్చు రోజుకు 7 వేలు దాటకూడదంది, పెద్దవాళ్ల నంబర్‌కి ఓటీపీ అంది. అంతా బాగానే ఉంది. మరి ఆటకు మీవాడు ముప్పై ఆరేళ్ల మనిషని కదా తెలిసేది!

హెడ్‌షాట్ నాని (విజయవాడ) – శనివారం, రాత్రి 10:09

అన్నా 😂😂 మా కజిన్ అకౌంట్‌లో వాడు వాళ్ల నాన్న కంటే పెద్దోడు.

ఖమ్మం మిర్చి – ఆదివారం, ఉదయం 7:40

రక్తం పచ్చదా ఎర్రదా అని మీరు మాట్లాడుకుంటున్నారు. నాకు తగిలిన దెబ్బ వేరే. మా బాబు తొమ్మిదో తరగతి. నా ఫోన్లో యూపీఐ పిన్ ఎప్పుడు చూసి పట్టేశాడో తెలియదు. గూగుల్ ప్లే రీడీమ్ కోడ్లు కొని, వాటితో ఆటలో చెల్లే యూసీ అనే నాణేలు కొని, తుపాకీకి రంగులు, మనిషికి బట్టలు వేయించాడు. అన్నీ చిన్న చిన్న మొత్తాలు. వచ్చిన మెసేజ్ వచ్చినట్టే డిలీట్. మిర్చి పెట్టుబడికి డబ్బు తీద్దామని బ్యాంకుకు పోతే బయటపడింది. బ్యాంకులో "పిన్ కరెక్ట్‌గానే కొట్టారు కదండీ, మేమేం చేస్తాం" అన్నారు. ఆట కంపెనీకి మెయిల్ పెడితే ఆటోమేటిక్ రిప్లై.

పెట్టె తెరిస్తే లోపల ఏముందో ముందు తెలియదట. నచ్చింది వచ్చేదాకా తెరుస్తూనే ఉండాలట. వాడే చెప్పాడు. పేకాటకు, దీనికి తేడా ఏంటో ఎవరైనా చెప్పండి.

నల్లకోటు (హైదరాబాద్) – ఆదివారం, ఉదయం 9:30

మిర్చి గారూ, తేడా చట్టానికి ఉంది, మీ జేబుకు లేదు. డబ్బు పెట్టి ఆడే ఆటలపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు గెలుచుకునే ఆటలు నడిపితే మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా వెళ్లొచ్చు. కానీ మీ బాబు కొన్నది తిరిగి డబ్బుగా మారదు. గెలిచేది డబ్బు కాదు, బట్టలు, రంగులు. కాబట్టి అది మనీ గేమ్ నిర్వచనంలోకి రాదు. పైగా ఆ చట్టం ఈ-స్పోర్ట్స్‌ని (పోటీలుగా ఆడే వీడియో గేమ్స్‌ని) ప్రోత్సహిస్తుంది.

బెల్జియం ఈ గుడ్డిపెట్టెల అమ్మకాన్ని 2018లోనే జూదం కింద లెక్కగట్టి ఆపించింది. మన దగ్గర ప్రభుత్వాన్ని ఏదైనా అడగాలంటే ముందు అడగాల్సింది ఇదే అని నా అభిప్రాయం. హింస అంటే ఏది, ఎంత అని తేల్చడానికే కోర్టులో పదేళ్లు పడుతుంది. డబ్బు పుచ్చుకుని లోపల ఏముందో చెప్పకుండా మైనర్‌కి అమ్మావా లేదా అన్నది ఒక వాయిదాలో తేలుతుంది.

తోడు మాట (విశాఖపట్నం) – ఆదివారం, ఉదయం 11:18

పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తాను. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల మొదటి భయం "మావాడు రేపు ఎవర్నయినా పొడుస్తాడేమో" అని. పరిశోధన చెప్పేది అంత భయంకరంగా లేదు, అలాగని ఏమీ లేదనీ కాదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన పాత తీర్మానాన్ని సవరించుకుంది. ఈ ఆటలకు, అరవడం, తోసేయడం లాంటి దూకుడుకు కొద్దిపాటి సంబంధం ఉంది, నేరాలు, హత్యల దాకా వెళ్లే హింసకు ఇవే కారణమనడానికి తగిన ఆధారం లేదు అంది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వెయ్యి మంది దాకా బ్రిటన్ టీనేజర్ల మీద చేసిన అధ్యయనంలో పిల్లల ప్రవర్తన గురించి తల్లిదండ్రుల్నే అడిగారు. హింస ఉన్న గేమ్స్ ఆడేవాళ్లలో దూకుడు ఎక్కువని తేలలేదు.

నేను చూసే పాడు వేరే చోట ఉంది. నిద్ర. రాత్రి రెండింటిదాకా ఆడినవాడు పొద్దున్నే కసురుకుంటాడు, క్లాసులో తూగుతాడు, మార్కులు పడిపోతాయి, ఇంట్లో తిడతారు, మళ్లీ ఆటలోకి పోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. దానికి రక్తంతో పని లేదు. ఆపుకోలేకపోవడం, మిగతా అన్నిటికంటే ఆటే ముందుండటం, నష్టం జరుగుతున్నా మానకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. క్యాండీలు పేల్చే ఆటకూ ఇది వర్తిస్తుంది. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడితే జబ్బు కాదు.

గుంటూరు అమ్మకు ఒక చిన్న సలహా. "పది నిమిషాల్లో ఆపేయ్" అనకండి. ఒక క్లాసిక్ మ్యాచ్ అరగంట దాకా పడుతుంది. మధ్యలో వదిలేస్తే ర్యాంక్ పోతుంది, స్క్వాడ్‌లో (జట్టులో) మిగతా ముగ్గురూ తిడతారు. అది వాడికి పరువు సమస్య. నిమిషాల్లో కాకుండా మ్యాచ్‌ల్లో ఒప్పందం చేసుకోండి: రెండు మ్యాచ్‌లు, మూడోది మొదలెట్టకూడదు. కోపంగా ఫోన్ లాక్కుని, పగలగొట్టి, గది తలుపు వేసేసే రాత్రులే నాకు ఎక్కువ భయం. అలాంటి రాత్రి పిల్లాణ్ని ఒంటరిగా వదలొద్దు. చేయి దాటుతోందనిపిస్తే టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇద్దరు పిల్లల అమ్మ (గుంటూరు) – ఆదివారం, మధ్యాహ్నం 2:05

మేడమ్, మ్యాచ్‌ల లెక్క ఇప్పటిదాకా నాకు తట్టలేదు. నేను ప్రతిసారీ "ఐదు నిమిషాలు" అంటాను, వాడు "మ్యాచ్ అయిపోతోంది" అంటాడు. అబద్ధమనుకునేదాన్ని.

వినతిపత్రం సంగతి. నిషేధం అన్న వాక్యం తీసేసి, మైనర్లకు గుడ్డిపెట్టెలు అమ్మకూడదు, పిల్లలు కొన్నదానికి డబ్బు వాపసు చేయాలి, ఫోన్ అమ్మేటప్పుడే పిల్లాడి అసలు వయసు నమోదు చేయాలి అని మార్చమన్నాను. సెక్రటరీ గారు "అంత పెద్ద పేపరు కలెక్టర్ చదవరమ్మా" అన్నారు. అందుకని నేను సంతకం పెట్టలేదు. ఆ గొడవ నాకు అక్కడితో అయిపోయింది. చర్చ కొనసాగించండి, చదువుతుంటాను.

సెల్ షాపు అన్న (తెనాలి దగ్గర) – ఆదివారం, మధ్యాహ్నం 2:30

నమోదు బాధ్యత మళ్లీ నా నెత్తినే పెట్టారన్నమాట 🙏 సరే, ఇప్పటికే 1990 పడిపోయిన ఫోన్లకు చేయగలిగింది చెప్తా. ప్లే స్టోర్‌లో సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్ అని ఉంటుంది. అక్కడ పిన్ పెట్టి 12 ప్లస్ దాకానే అని ఎంచుకోండి. ముందే దిగిన ఆటలు దానివల్ల పోవు, వాటిని మీరే తీసేయాలి. కొనుగోళ్లకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే ఫైళ్లు (యాప్ ఫైళ్లు) ఎక్కించుకునే పర్మిషన్ క్రోమ్‌కి, వాట్సాప్‌కి ఆపేయండి. ఇది మరిచిపోతే పైవన్నీ దండగ.

డాలస్ నాన్న – ఆదివారం, రాత్రి 7:55

ప్రభుత్వమే అన్నీ చేస్తే ఎలా ఉంటుందో చైనాలో చూడొచ్చు. 2021 సెప్టెంబర్ నుంచి మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆట. అసలు పేరు, ఐడీ లేకుండా లాగిన్ కుదరదు. అక్కడి ఆట కంపెనీ టెన్సెంట్ వాళ్లు రాత్రిపూట మొహం స్కాన్ చేసే పద్ధతి కూడా పెట్టారు. అయినా తాతయ్యల ఐడీలు, అద్దె అకౌంట్లు. అంతకుముందు 2019లో పెట్టిన గంటల పరిమితి మీద 2023లో ఒక అధ్యయనం వచ్చింది. గంటలకొద్దీ ఆడేవాళ్లు తగ్గిన ఆధారమే కనిపించలేదని అందులో రాశారు.

దక్షిణ కొరియా కూడా అంతే. 16 ఏళ్లలోపు వాళ్లకు అర్ధరాత్రి నుంచి పొద్దున 6 దాకా ఆన్‌లైన్ గేమ్స్ బంద్ అని 2011లో చట్టం చేసింది. కంప్యూటర్ గేమ్స్‌ని ఆపారు, మొబైల్ గేమ్స్‌ని వదిలేశారు. పిల్లలు ఫోన్లకు మారిపోయారు. పదేళ్ల తర్వాత ఎత్తేశారు.

రిటైర్డ్ మాస్టారు (సిరిసిల్ల) – ఆదివారం, రాత్రి 8:40

ఎత్తేశారు నిజమే. కానీ పదేళ్లు ఆ దేశం "అర్ధరాత్రి పిల్లలు పడుకోవాలి" అని పైకి చెప్పింది. తోడు మాట గారు చెప్పిన నిద్ర సంగతే కదా అది. మన దేశంలో ఆ మాట చెప్పిన చట్టమేది? సినిమాకు 2024 నుంచి 7, 13, 16 ఏళ్ల యూఏ మెట్లు పెట్టారు. రేటింగ్ ఇచ్చే బోర్డు ఉంది. ఆటలకు అలాంటి బోర్డు లేదు. స్టోర్‌లో కనబడే 12 ప్లస్, 16 ప్లస్ అన్నవి కంపెనీవాడు ప్రశ్నపత్రం నింపితే వచ్చే అంకెలు.

హెడ్‌షాట్ నాని (విజయవాడ) – ఆదివారం, రాత్రి 8:52

సార్, మీరంటే గౌరవం ఉంది. కానీ పెద్దలకు మాత్రమే అనే "ఏ" సర్టిఫికెట్ సినిమా మొదటి వారం మన థియేటర్లో చూడండి. చంకలో పిల్లాడు, చేతిలో పాప్‌కార్న్. హీరో గొడ్డలితో నరుకుతుంటే ఈల వేసేది ఆ పిల్లాడి నాన్నే. బోర్డు ఉండి ఏం లాభం? అదే నాన్న ఇంటికొచ్చి "ఆ గన్ గేమ్ ఆడకురా, చెడిపోతావ్" అంటాడు.

మైక్ ఆఫ్ (వరంగల్) – ఆదివారం, రాత్రి 11:26

మొదటిసారి రాస్తున్నా. ఇంటర్ సెకండియర్, అమ్మాయిని. రెండేళ్లుగా ఆడుతున్నా, ర్యాంక్ కూడా బాగానే ఉంటుంది.

ఇందాకటి నుంచి పెద్దవాళ్లందరూ తుపాకీ గురించే మాట్లాడుతున్నారు. తుపాకీ వల్ల నాకెప్పుడూ భయం వేయలేదు. మైక్ ఆన్ చేస్తే వేస్తుంది. రాండమ్ స్క్వాడ్‌లో "హలో" అనగానే అమ్మాయి గొంతు అని తెలుస్తుంది. ఇన్‌స్టా ఐడీ అడగడం మొదలు. ఇవ్వనంటే బూతులు. తెలుగు బూతులు, ఒక్కోసారి గొంతు వింటే నా కంటే చిన్నపిల్లాడిలా ఉంటుంది. ఒకడు స్కిన్ (ఆటలో తుపాకీకి, మనిషికి వేసే రంగులు, బట్టలు) గిఫ్ట్ చేస్తానని వాట్సాప్ నంబర్ అడిగాడు, వాడి గొంతు మాత్రం పెద్దవాడిది. రిపోర్ట్ కొడితే "మీ ఫిర్యాదు అందింది" అంటారు. ఇంట్లో చెప్తే ఫోన్ తీసేసుకుంటారు, అందుకే చెప్పలేదు. మైక్ ఆపేసి ఆడుతున్నా.

హింస అంటే మీకు అక్కడ కనిపించే బొమ్మేనా?

తోడు మాట (విశాఖపట్నం) – ఆదివారం, రాత్రి 11:50

తల్లీ, రాసినందుకు సంతోషం. "చెప్తే ఫోన్ తీసేసుకుంటారు" అన్న ఒక్క కారణంతో నా దగ్గర నిజం దాచిన పిల్లలు ఎంతోమంది. ఇది చదివే తల్లిదండ్రులెవరైనా సరే, ఈ రాత్రే పిల్లలకు చెప్పండి: ఆటలో ఎవడైనా పిచ్చిగా మాట్లాడితే మాకు చెప్పు, నీ ఫోన్ జోలికి రాం. చెప్పాక ఆ మాట నిలబెట్టుకోవాలి. నంబర్ అడిగినవాడి స్క్రీన్‌షాట్ ఉంచుకో. సైబర్ ఫిర్యాదుకు 1930 ఉంది, పిల్లల సాయానికి 1098 ఉంది.

ఖమ్మం మిర్చి – సోమవారం, ఉదయం 6:30

పాప రాసింది చదివి మా వాణ్ని అడిగా, నువ్వెప్పుడైనా అలా తిట్టావా అని. జవాబు చెప్పకుండా ఫోన్ పక్కన పెట్టి స్నానానికి పోయాడు.

మోడరేటర్ – సోమవారం, ఉదయం 8:00

"మైక్ ఆఫ్" పోస్టుకు వచ్చిన రెండు జవాబులు తొలగించాం. ఇంటర్ చదివే అమ్మాయికి "ఆడకుండా ఉండొచ్చుగా" అని సలహా ఇవ్వడానికి ఇది వేదిక కాదు.

నల్లకోటు (హైదరాబాద్) – సోమవారం, ఉదయం 9:45

ప్రభుత్వం ఏమీ చేయలేదని మాస్టారు అన్నందుకు ఒక సమాచారం. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అదీ సరిచూసుకోదగిన అనుమతి అయి ఉండాలి. పిల్లల కదలికల్ని వెంటాడి వాళ్లకే గురిపెట్టిన ప్రకటనలు చూపకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద అసలు భారం పడేది పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027లో. ఆట కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. రక్తం గురించి ఒక్క ముక్క లేదు. కానీ వయసు అడిగి ఊరుకుంటే ఇక కుదరదు.

సెల్ షాపు అన్న (తెనాలి దగ్గర) – సోమవారం, ఉదయం 10:10

లాయర్ గారూ, ఒక డౌట్. ఆ అనుమతి ఎవరి ఫోన్‌కి వస్తుంది? తండ్రి ఫోన్‌కే కదా. మాస్టారు చెప్పినట్టు ఆ ఫోన్ పొద్దంతా పిల్లాడి చేతిలోనే ఉంటే?

నల్లకోటు (హైదరాబాద్) – సోమవారం, ఉదయం 10:24

డిజిలాకర్ (గుర్తింపు పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్) ద్వారా తల్లి లేదా తండ్రి వయసు, గుర్తింపు సరిచూసే దారి నియమాల్లో ఉంది. ఓటీపీ కంటే గట్టిదే. కానీ డిజిలాకర్ తెరిచిందీ అదే ఫోన్లో అయితే, దాని పిన్ కూడా పిల్లాడికి తెలిస్తే, నా దగ్గర జవాబు లేదు.

రిటైర్డ్ మాస్టారు (సిరిసిల్ల) – సోమవారం, ఉదయం 11:02

మా బడిలో శనివారం సాయంత్రం తల్లులను పిలిచి, ఫోన్లో ఈ సెట్టింగ్స్ ఎక్కడుంటాయో చూపిద్దామని హెడ్మాస్టరుతో మాట్లాడాను. నాకూ సరిగా రాదు. తెనాలి అన్నా, ఆ ప్లే స్టోర్ దారి ఒక్కో మెట్టు ఫోటో తీసి పెట్టగలవా? ఫోన్ భాష తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఆ పేర్లు వేరేగా కనిపిస్తాయి, అవి కూడా కావాలి. చట్టం రావాలన్న నా మాట మీద నేనున్నాను.

సెల్ షాపు అన్న (తెనాలి దగ్గర) – సోమవారం, ఉదయం 11:15

మధ్యాహ్నం గిరాకీ ఉండదు మాస్టారూ, అప్పుడు తీసి పెడతా. శాంసంగ్‌కి, రెడ్‌మీకి మెనూలు వేరే, రెండూ పెడతా.